నేను నెగ్గిన అర్జీ

మా ఇంట్లో దేవుడి పటాల కింద ఒక ప్లాస్టిక్ కవరు ఉంటుంది. నేను ఇన్నేళ్లలో ఇచ్చిన అర్జీల రసీదులన్నీ అందులోనే ఉన్నాయి. వీధిలైటు మీద ఒకటి, చౌకడిపో తూకం మీద ఒకటి, చెయ్యెత్తినా ఆపకుండా పోయే బస్సు మీద రెండు, కుళాయి నీళ్లు మా వరసకు మాత్రం ఆఖర్న వదిలే మనిషి మీద ఐదు. వీధిలైటు పదకొండు నెలలకు వెలిగింది, మళ్లీ ఆరిపోయింది. మిగతావి విచారణలో ఉన్నాయని అంటారు. అడిగింది అడిగినట్టు పదహారు రోజుల్లో జరిగిపోయిన అర్జీ ఒకే ఒకటి. అది నా కూతురికి అక్షరాలు నేర్పుతున్న మేడం మీద ఇచ్చింది.

ధర్మవరంలో మాది పట్టుచీరల మగ్గం. నేను నేస్తాను. నా భార్య రాట్నం మీద కండెలు చుడుతుంది. మాకు ఒక్కతే పాప. నేను చెప్పేది జరిగిన ఏడు దానికి పదేళ్లు, ఐదో తరగతి చదువుతోంది.

చదువుతోంది అని అలవాటుగా రాశాను. బడికి పోతోంది అనాలి. మాటల్లో ఎవరికీ తీసిపోయే పిల్ల కాదు. వాళ్లమ్మ ఒక కథ చెప్పి, అదే కథ నెల తర్వాత చెబుతూ ఎక్కడైనా తప్పితే, అక్కడ ఆపి దిద్దేది. ఎక్కాలు పదహారు దాకా నోటికి వచ్చు. మగ్గం మీద చీర ఎంతవరకు వచ్చిందో నా చప్పుడు విని వంటింట్లోంచి చెప్పేది. పుస్తకం తెరిచి ముందు పెడితే మాత్రం పైపెదవి మీద చెమట పట్టేది. నిన్న గుర్తుపట్టిన అక్షరం ఇవాళ కొత్తది. పేజీ పైన చదివిన మాటే పేజీ కింద మళ్లీ వస్తే దాన్ని ఎన్నడూ చూడనట్టు చూసేది. వినికిడితో పాఠమంతా అప్పజెప్పేది, వేలు పెట్టి చూపమంటే వేలు ఎక్కడో ఉండేది.

కావాలనే చేస్తోందని మొదట అనుకున్నాను. రెండు మూడుసార్లు కొట్టాను కూడా. కళ్లు బాగాలేవేమోనని అనంతపురం తీసుకుపోయాం. కళ్లు బాగున్నాయన్నారు. చెవులు చూపించాం, చెవులూ బాగున్నాయి. అత్తగారు వసకొమ్ము పంపితే అరగదీసి నాలుక మీద రాశాం. దర్గాలో తాయెత్తు కట్టించాం. ట్యూషన్ పెట్టించాం. ఏదీ పనిచేయలేదు. ఏ పని చేయాలో తెలిస్తే కదా పనిచేసిందో లేదో తెలిసేది.

మగ్గంలో పువ్వు చెడితే నాకు దారి తెలుసు. మగ్గం పైన జాకార్డు ఉంటుంది. చిల్లులు పొడిచిన అట్టలు దానికి దండలా వేలాడుతుంటాయి. అట్టలో చిల్లి ఉన్న చోట కొక్కెం లేస్తుంది, దాంతో పోగు లేస్తుంది, అలా పువ్వు పడుతుంది. పువ్వు చెడిందంటే అట్ట చిరిగి ఉండాలి, లేదా కొక్కెం తప్పి ఉండాలి, లేదా పోగు తెగి ఉండాలి. నాలుగో కారణం లేదు. ఆ మూడూ వెతికితే ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. నా బిడ్డలో ఎక్కడ వెతకాలి? కళ్లు బాగున్నాయి, చెవులు బాగున్నాయి, తెలివి బాగుంది. పువ్వు మాత్రం పడదు. మగ్గం తొక్కుతూ దీన్నే ఆలోచించి రెండు చీరల్లో అంచు తప్పాను.

ఆ ఏడు బడి తెరిచిన కొత్తల్లో పాప చదువు గురించి మాట్లాడదామని పెద్దసారు దగ్గరికి పోయాను. ఆ రోజు గురువారం. ఆయన నీలం గళ్ల చొక్కా వేసుకున్నాడు. పక్కన ఇద్దరు టీచర్లు టీ తాగుతున్నారు.

"ఏమప్పా, నువ్వు ఊరికే మనసు కష్టపెట్టుకుంటాండావు" అన్నాడాయన. "అందరికీ చదువు రావాలని యాడ ఉండాది? మీకు చేతిలో పని ఉండాది కదా. మగ్గం నేర్పియ్. అదన్నా వస్తాది."

టీ తాగుతున్న ఇద్దరిలో ఒకాయన నవ్వాడు. రెండో ఆయన నవ్వలేదు గానీ గ్లాసు అడ్డం పెట్టుకున్నాడు.

ఈ మాట ఎందుకంత తగిలిందో చెప్పాలి. మా నాయన నన్ను ఏడో తరగతిలో మాన్పించాడు. పరీక్షలు ఇంకా పదిరోజులున్నాయి. అవన్నా రాసి వస్తానంటే వినలేదు. మగ్గం గుంతలో కాళ్లు పెట్టాను, ఇప్పటికీ తీయలేదు. పాప పుట్టిన రోజు ఆసుపత్రి వరండాలో నిలబడి నా భార్యతో ఒకటే చెప్పాను, ఈ బిడ్డ చేతికి పోగు తగలకూడదని. ఆ మాట మా ఇంట్లో చట్టం. పక్కిళ్లలో ఆరేళ్ల పిల్లలు కండెలు చుడతారు. మా పాప రాట్నం ముట్టుకోదు. "ఏమన్నా, పాపను కలెక్టరును చేస్తావా?" అని వీధిలో వాళ్లు నవ్వేవాళ్లు. ఎవరెవరు నవ్వారో నాకు గుర్తుంది.

పెద్దసారు ఆ మాటన్న మూడు వారాలకు ఆ మేడం వచ్చింది. బెళుగుప్ప పక్క మనిషి. దుమ్ముకొట్టుకుపోయిన స్కూటీ మీద వారానికి రెండు రోజులు, మంగళవారం, శుక్రవారం, మా బడికి వచ్చేది. మిగతా రోజులు వేరే బడులకు. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెప్పే టీచరని పాప చెప్పింది. ఎవరెవరు కూర్చుంటారే అక్కడ అని అడిగాను. చెవులు వినపడని పిల్లాడొకడు, నడక సరిగా లేని పిల్ల ఒకతె, తాను. ఆ ఇద్దరి పక్కన నా బిడ్డ ఏం చేస్తోందో నాకు అర్థం కాలేదు. తనకు అర్థమైందేమో అని మొహం చూశాను. సంతోషంగా ఉంది. అది ఇంకా అర్థం కాలేదు.

ఆ మేడం మా ఇంటికి మూడుసార్లు వచ్చింది. మొదటిసారి వచ్చినప్పుడు నేను అచ్చు అతుకుతున్నాను. పాత పడుగు కొసలకు కొత్త పడుగును పోగు పోగుగా కలిపి మెలిపెట్టే పని అది. వేల పోగులు. ఆ పనిలో ఉన్నవాడు తల ఎత్తడు. ఎత్తలేదు. రెండోసారి ఒక కాగితం తెచ్చింది.

"అన్నా, పాపకు ఒక పరీక్ష చేపిస్తే బాగుంటాది. దానికి మీ సంతకం కావాల."

"పరీక్షలు రాసేదానికే కదా మేడం దానికి రాంది."

"రాసే పరీక్ష కాదన్నా. చదివేదాంట్లో యాడ ఇబ్బంది పడతాందో పెద్ద ఆసుపత్రిలో చూస్తారు. లర్నింగ్ డిసబిలిటీ అంటారు దాన్ని."

కాగితం చేతిలోకి తీసుకున్నాను. మూడో గడిలో 'వైకల్యం రకము' అని ఉంది.

"నా బిడ్డకు కాళ్లు బాగుండాయి, చేతులు బాగుండాయి."

"అన్నీ బాగుండాయన్నా. తెలివి మనకంటే బాగుండాది."

"మరి వైకల్యం యాడ?"

"కంటికి కనిపించేది కాదు అది."

"కనిపించంది మీకెట్ల కనిపించింది మేడం?"

రాట్నం దగ్గర నా భార్య కిసుక్కున నవ్వింది. నేను గెలిచినట్టే అనిపించింది. మేడం కూడా నవ్వి, కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. పోతూ పోతూ, "పాపకు అక్షరం కంట్లోంచి పోయే దారి ఇరుగ్గా ఉండాదన్నా. ఇంగో దారి చూస్తాండా" అంది. అక్షరం కంట్లోంచి కాక ఇంక ఎక్కడినుంచి పోతుంది? ఆ రోజంతా ఆ మాటే ఆలోచించాను. నన్ను చదువురానివాడినని తేలిగ్గా తీసిపారేసి ఏదో చెప్పిపోయిందని తేల్చుకున్నాను. మూడోసారి వచ్చినప్పుడు మగ్గంలోంచి లేవలేదు. మంచినీళ్లు తాగి పోయింది.

దసరా సెలవులు అయిపోయాక ఒక సోమవారం పొద్దున పాప బడిసంచి బరువుగా ఉందని విప్పి చూశాను. పుస్తకాల కింద పట్టుపోగుల కొసలు, రంగు రంగుకూ వేరుగా ముడివేసి ఉన్నాయి. మెరూన్, చిలకపచ్చ, పసుపు. వాటి కింద మా జాకార్డు అట్టలు. చిరిగినవి, వాడి పక్కన పడేసినవి, అటక మీద గోనెసంచిలో ఉండాల్సినవి. ఒక కత్తెర, ఒక జిగురు సీసా.

"ఇవి ఎందుకు?"

"రేపటికి మేడం తెమ్మనింది."

"ఎందుకు తెమ్మనింది?"

నేను గట్టిగా అడిగాను. గట్టిగా అడిగితే పాప నోరు మూసుకుంటుంది. అది కూడా నాలాంటిదే. వాళ్లమ్మను అడగలేదు. అడిగేదేముంది, నా కళ్ల ముందు ఉంది కదా. పెద్దసారు అన్నాడు, మగ్గం నేర్పియ్ అని. నేను నేర్పలేదు. వాళ్లే బడిలో మొదలుపెట్టారు. పట్టుపోగూ జాకార్డు అట్టా పక్కపక్కన కనిపిస్తే ఈ ఊళ్లో ఎవరికైనా ఒకటే గుర్తొస్తుంది. పదేళ్లుగా నేను నా బిడ్డ దరికి రానివ్వనిదాన్ని బడిలోంచి దాని చేతికిచ్చారు.

ఆ పొద్దున మగ్గం ఎక్కలేదు. నాలుగు పేజీలు రాశాను. 'చదువు చెప్పుటకు నియమింపబడిన సదరు టీచరు, మా కులవృత్తిని ఎగతాళి చేయుచూ, నా కుమార్తెకు అక్షరములకు బదులు పట్టుపోగులు చేతికిచ్చి' అని ఒక వాక్యం నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. రాసేటప్పుడు బాగుందనిపించింది. జిల్లా విడిపోయాక కలెక్టరాఫీసు మాకు పుట్టపర్తికి మారింది. సోమవారం సోమవారం అక్కడ అర్జీలు తీసుకుంటారు. పదిన్నర బస్సుకు పోయి ఇచ్చి వచ్చాను. రసీదు కవర్లో పెట్టాను.

పదహారో రోజున ఫోనుకు మెసేజు వచ్చింది. 'మీ అర్జీ పరిష్కరించబడినది.' వీధిలో ఎనిమిది మందికి చూపించాను. విచారణకు ఎవరో వచ్చారట, మేడంను పిలిచి అడిగారట. ఆమె ఒక పేజీలో జవాబు రాసిచ్చి, నన్ను వేరే మండలానికి పంపండి, ఈ బడికి నేను రాలేను అని తానే అడిగిందట. నాకు ఈ వివరమంతా తర్వాత తెలిసింది. అప్పుడు నాకు తెలిసింది మేడం రావడం లేదని మాత్రమే.

ఆ మంగళవారం పాప బడినుంచి వచ్చి ఏమీ అడగలేదు. శుక్రవారమూ అడగలేదు. తర్వాతి మంగళవారం మధ్యాహ్నం బడి మధ్యలోనే ఇంటికి వచ్చింది. సంచి గోడకు తగిలించి, వాళ్లమ్మ పక్కన రాట్నం దగ్గర కూర్చుంది.

"నాకు కండె చుట్టేది నేర్పియ్ మా."

వాళ్లమ్మ రాట్నం ఆపి నా వైపు చూసింది. నేను మగ్గం ఆపాను.

"బడికి ఏమైంది?" అన్నాను.

"బడి వద్దు. పెద్దసారు చెప్పినాడు కదా, అదన్నా వస్తాదని."

ఆ మాట నేను ఇంట్లో ఎన్నిసార్లు చెప్పి ఉంటానో. పెద్దసారును తిట్టడానికి చెప్పేవాణ్ణి. పాప దాన్ని తన మీద తీర్పులా దాచుకుంది.

తర్వాత లేచి సంచిలోంచి ఒక కట్ట తీసింది. మేడం బీరువాలో మిగిలిపోయిన సామాను ఎవరిది వాళ్లకు ఇచ్చేశారట. కట్ట తెచ్చి నా మగ్గం పక్కన పెట్టి, "ఇవి మన అట్టలే. గోతంలో వేసుకో" అంది.

దారం విప్పాను. మా చిరిగిన జాకార్డు అట్టలే, చదరంగా కత్తిరించి ఉన్నాయి. ఒక్కో అట్ట మీద పట్టుపోగులు పేనిన తాడులా చేసి జిగురుతో అంటించారు. అక్షరాలు. చేతివేలంత మందంగా లేచి ఉన్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలో అక్కడ పచ్చపోగు, ఎక్కడ ఆగాలో అక్కడ మెరూన్ పోగు. ముప్పై దాకా ఉన్నాయి. గుడ్డిదీపంలో కూడా వేలితో చదవొచ్చు. నేను వేలు పెట్టి చూశాను. వేలు దానంతటదే తిరిగింది.

ఇవేమిటి అని నేను అడగాలి. అడిగింది వాళ్లమ్మే. పాప కళ్లు మూసుకుంది. ఒక్కో అట్ట ఇస్తుంటే వేలితో తడిమి, పేరు చెప్పింది. రెండింటి దగ్గర తడబడి, మళ్లీ మొదటినుంచి తడిమి, సరిగా చెప్పింది. పుస్తకంలో అవే అక్షరాల దగ్గర చెమట పట్టే పిల్ల ఇది. నాకు సంతోషం వేయాలి. వేయలేదు. అంటే ఆ నాలుగు పేజీల్లో నేను రాసింది దేని మీద?

కట్ట అడుగున ఐదు అట్టలు వేరుగా రబ్బరుబ్యాండు వేసి ఉన్నాయి. నాలుగింటికి పోగులు అంటించి ఉన్నాయి. ఐదోదాని మీద పెన్సిలు గీత మాత్రమే ఉంది.

"ఇవేంటివే?"

"అవ్వోళ్ల ఊరు."

నాలుగూ వరసగా పేర్చింది. బ, త్త, ల, ప. చివరిది గీతగానే ఉంది. బత్తలపల్లి. నా భార్య పుట్టిల్లు.

ఆ ఊరే ఎందుకో నాకు వెంటనే తెలిసింది. అంతకు ముందు ఏడు మా అత్తగారు పాపను తీసుకుని బస్టాండుకు పోయింది. ఆమెకు చదువు రాదు. బోర్డు చూడవే అని మనవరాలికి చెప్పింది. ఇద్దరూ పెనుకొండ బస్సెక్కి సగం దారిలో దిగారు. ఆ సాయంత్రం ఇంటినిండా చుట్టాలున్నారు. అందరి ముందూ నేను, "నాలుగేండ్లు బడికి పోయి బస్సు బోర్డు చదవలేవా? అవ్వా నువ్వూ ఒకే క్లాసు" అన్నాను. అందరూ నవ్వారు. నేనే ఎక్కువ నవ్వాను. పాప దాన్ని ఏడాది మనసులో పెట్టుకుని ఉంది. ఆ బోర్డు చదవాలని మేడంతో చెప్పి మొదటి మాటగా అదే ఎంచుకుందట. మరిచిపోకపోవడంలో అది నా కూతురే.

"బిడ్డను ఒక మాట అడిగినావా?" అంది నా భార్య. "పోగులెందుకమ్మా అని మెల్లిగా ఒక మాట. అర్జీకి మాత్రం నాలుగు పేజీలు రాసినావు."

"నీకు తెలుసా ఇవి?"

"మేడం గట్టి అట్ట, లావు దారం తెమ్మనిందని చెప్పింది. ఇంట్లో ఏముంటే అది ఇచ్చినా. అట్టంటే మన ఇంట్లో ఇంగేముండాది, అర్జీల సామీ?"

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఆ దారం మీద కూడా అర్జీ పెట్టింటావు."

నేను అట్టలు పోగేసి మళ్లీ కట్ట కట్టాను. ఆ మాట అనాల్సిన పద్ధతి అది కాదని ఇప్పటికీ అనుకుంటాను.

తర్వాతి సోమవారం మళ్లీ పుట్టపర్తికి పోయాను. ఈసారి ఒక పేజీయే రాశాను, రాయడానికి రెండు రోజులు పట్టింది. కౌంటరులో ఉన్నాయన చదివి, నన్ను చూసి, మళ్లీ చదివాడు.

"ఏమప్పా, ఇది ఎవరి మీద?"

"నా మీదే సార్. ముందిచ్చిన అర్జీ మీద."

"ఆ మేడంను తీసేయమన్నావు. తీసినారు. ఇప్పుడు తెమ్మంటావు."

"తీసేయమని రాయలేదు సార్. చర్య తీసుకోమన్నా."

"చర్య అంటే ఏందనుకున్నావు? శాలువా కప్పుతారనుకున్నావా?"

వెనక వరసలో నవ్వారు. ఎవరని వెనక్కి తిరిగి చూడలేదు. చూడకుండా ఉండటం నాకు కొత్త. ఆయన కంప్యూటరులో ఏదో చూసి, నీ అర్జీ పరిష్కారమైపోయింది, పరిష్కారమైనదాన్ని వెనక్కి తీసేదానికి గడి లేదు అన్నాడు. తర్వాత కొంచెం మెత్తబడ్డాడు. మేడం ఇప్పుడు కొత్తచెరువులో ప్రత్యేక పిల్లల కేంద్రంలో ఉంటుందట. మీ బడికి ఇంకొకరు ఎప్పుడొస్తారో తెలియదు, పాపను అక్కడికే తీసుకుపో అన్నాడు. "అయితే పరీక్ష కాగితం ఉండాల. తల్లిదండ్రుల సంతకంతో. అది ఇచ్చినావా ఇంతకుముందు?"

ఇవ్వలేదని చెప్పాల్సి వచ్చింది.

శుక్రవారం పాపను తీసుకుని కొత్తచెరువు పోయాను. దారంతా కిటికీ వైపే తిరిగి కూర్చుంది అది. ఒళ్లో ఆ కట్ట పెట్టుకుంది. కేంద్రం అంటే రెండు గదులు, ఒక రేకుల వరండా. మేడం ఒక పిల్లవాడి చేత ఇసుకలో వేలు పెట్టించి ఏదో రాయిస్తోంది. పాప పరిగెత్తి పోతుందనుకున్నాను. పోలేదు. నా వెనక నిలబడింది. తన నాయన చేసింది తనకే సిగ్గు అన్నట్టు నిలబడింది.

మేడం పిల్లవాడి చేయి కడిగి, మా దగ్గరికి వచ్చింది. పాప తల నిమిరింది. నాతో కూర్చోమని కూడా అనలేదు.

"చెప్పన్నా."

బస్సులో తయారు చేసుకున్న మాటలు ఉన్నాయి. ఒకటీ రాలేదు. వచ్చిన మాట వేరే.

"మీరన్నా చెప్పింటే బాగుండేది కదా మేడం, ఆ పోగులు ఎందుకని."

ఆ మాట నోటినుంచి పోతుండగానే తప్పని తెలిసింది. ఆమె కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది.

"మూడు తూర్లు మీ ఇంటికి వచ్చినానన్నా. మొదటి తూరి తల ఎత్తలేదు. రెండో తూరి ఎగతాళి చేసినారు. మూడో తూరి అవే చూపిద్దామని వచ్చినా, మొదట చేసిన అట్టలే, సంచిలో పెట్టుకుని. లేచి రాలేదు మీరు. ఇంగ యాడ చెప్పాల? మగ్గం గుంతలోకి దిగి చెప్పాల్నా?"

ఆ మూడు రాకపోకలూ నా లెక్కలో ఆమె నాకు చేసిన అవమానాలుగా ఉన్నాయి. ఆమె లెక్కలో అవే నేను ఆమెకు చేసినవి. రోజులూ అవే, మాటలూ అవే. నేనేదీ తప్పుగా గుర్తుపెట్టుకోను. అయినా రెండు లెక్కలూ ఎలా సరిపోయాయో నాకు అంతుపట్టలేదు.

"తప్పయింది" అన్నాను. ఆ మాట నాకు అలవాటు లేక చాలా చిన్నగా వచ్చింది.

"నీకోసమైతే పాపను చేర్చుకునేది లేదన్నా" అంది ఆమె. "ఆ కాగితంలో కులవృత్తిని ఎగతాళి చేసినానని రాసినావు. మా నాయనది వేరుశనగ సేద్యం, మూడేండ్లు వాన లేక పెట్టిన విత్తనం పెట్టినట్టే పోయింది. నేనెవరి పనిని ఎగతాళి చేస్తా? పాప కోసం చెప్తాండా. మంగళవారం, శుక్రవారం తీసుకురా. ముందు ఇది పూర్తి చెయ్యి."

కాగితం ఇచ్చింది. అదే కాగితం. మూడో గడి అలాగే ఉంది. పెన్ను తీసి ఆ గడి మీద ఆపాను.

"ఈ మాట తీసేసేదానికి కాదా మేడం?"

"కాదు. ఆ మాటుంటేనే రేపు పరీక్షలో పాపకు ఎక్కువ టైము ఇస్తారు. ప్రశ్న చదివి వినిపించేదానికి ఒక మనిషిని ఇస్తారు. ఆ మాట మీకు తిట్టు. పాపకు అది పనిముట్టు."

నాకు పూర్తిగా అర్థం కాలేదు. తెలివి తక్కువ కాదంటారు, వైకల్యం అంటారు. బాగుందంటారు, బాగు చేయాలంటారు. పోదు అంటారు, చదువు మాత్రం వస్తుందంటారు. అన్నీ ఒకే నోటితో. నేను సంతకం చేసి, దాని పక్కన చిన్న అక్షరాలతో 'నా కుమార్తె తెలివితక్కువది కాదు' అని రాశాను. మేడం చూసింది.

"ఇది చెల్లదన్నా. పక్కన ఏమీ రాయకూడదు."

ఇంకో కాగితం ఇచ్చింది. నా జన్మలో పక్కన ఒక మాట రాయకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. వీధిలైటు అర్జీ రసీదు మీద కూడా 'ఆలస్యంగా తీసుకున్నారు' అని రాశాను. పాప నా మోచేతి దగ్గర నిలబడి చూస్తోంది. అది చదవలేదు. కానీ పెన్ను ఎక్కడ ఆగిందో చూడగలదు. సంతకం మాత్రమే పెట్టి పెన్ను ఇచ్చేశాను.

అప్పుడు పాప కట్ట విప్పి, ఐదో అట్ట తీసి మేడంకు ఇచ్చింది. మేడం సంచిలో వెతికింది. మెరూన్ పోగు లేదు. నేను చొక్కా భుజం మీద అంటుకుని ఉన్న ఒక కొస తీసిచ్చాను. మగ్గం మనిషి ఒంటిమీద ఎప్పుడూ ఒకటి ఉంటుంది. అది చాలా పొట్టిది. సరిపోలేదు. వచ్చే మంగళవారం తెస్తామని చెప్పి బయలుదేరాం.

బస్టాండులో నిలబడ్డాం. మధ్యాహ్నం రెండు దాటింది. ఎండ తారురోడ్డు మీద నీళ్లలా కదులుతోంది. ఒక బస్సు వచ్చి మా ముందు ఆగింది. అది మా బస్సేనని నాకు దూరంనుంచే తెలుసు. చెయ్యి పట్టుకుని లాగబోయాను.

"చెప్పొద్దు నాయనా" అంది పాప. పది రోజుల తర్వాత అది నన్ను నాయనా అని పిలవడం అదే మొదటిసారి.

కండక్టరు తలుపులోంచి తల బయటపెట్టాడు. ఊరి పేరు అరుస్తాడని దానికీ తెలుసు. "నా చెవులు మూయి!" అంది తొందరగా. నేను దాని వెనక నిలబడి రెండు చేతులతో రెండు చెవులూ మూశాను. అది బోర్డు వైపు చూస్తూ తొడ మీద వేలితో గీయడం మొదలుపెట్టింది. మొదటి అక్షరం గీసింది, చెరిపినట్టు అరచేత్తో రుద్దింది, మళ్లీ గీసింది. పెదవి మీద చెమట పట్టింది.

"ధర్మవరం, ధర్మవరం! ఏమప్పా, ఎక్కుతావా ఎక్కవా?"

నేను చేతులు ఇంకా గట్టిగా అదిమాను.

"నిన్నే! పిల్ల చెవులు ఎందుకప్పా అట్ల పట్టుకున్నావు, బడిలో సారు మాదిరి? ఎక్కేది లేకుంటే పక్కకు నిలబడు!"

బస్సులో కిటికీ పక్కన కూర్చున్న ఒకావిడ, పాపను ఎందుకు కొడతాండావు అని అడిగింది. తల మాత్రం అడ్డంగా ఊపాను. చెయ్యి తీస్తే పాపకు వినిపిస్తుంది. రెండో అక్షరం దగ్గర ఉంది. అది ఇంకా అట్ట మీదకు రాని అక్షరం, దాన్ని వేలు గుర్తుపట్టడం లేదు. కండక్టరు నన్ను ఇంకో మాట అని, విజిల్ వేశాడు. బస్సు పోయింది. వెనక అద్దం మీద కూడా బోర్డు ఉంది. పాప దాని మీదే చూపు పెట్టి, మలుపు తిరిగేదాకా గీస్తూనే ఉంది.

"ధర్మవరం" అంది. "అవునా?"

చేతులు తీశాను. "అవును."

"మనం ఎక్కాల్సింది అదే కదా?"

"అదే."

"మరి పోయింది కదా నాయనా."

తర్వాతి బస్సు ముప్పావు గంటకు. నీడ కోసం చెరకురసం బండి పక్కన కూర్చున్నాం. చదివిందా, లేక మా ఊరే కదా అని ఊహించిందా? అడగొచ్చు. అడగలేదు. కోపం వచ్చింది. ఎవరి మీదో తేలలేదు.

ఆ బస్సు నంబరు రాసుకున్నాను. కండక్టరు అన్న రెండు మాటలూ టైముతో సహా రాసుకున్నాను. ఆ కాగితం కవర్లోనే ఉంది. అర్జీ ఇంకా పెట్టలేదు.